ఎలుక చావలేదు సరే, పిల్లలకు ఇవ్వొచ్చా?

ప్రశ్న: ప్రజారోగ్యంలో పీజీ చేస్తున్నాను. నులిపురుగులకు పెద్దవాళ్లు ఇళ్లలో ఇచ్చే ఒక ఆకు కషాయం మీద మా ప్రాజెక్టు. మొక్క ఇప్పుడు పూతమీద ఉంది. ఎండిన ఆకు 100 గ్రాములను మిథనాల్‌లో నానబెట్టి తీస్తే 12 గ్రాముల సారం వచ్చింది. దాన్ని మిల్లీలీటరుకు 50 మి.గ్రా. చొప్పున కలిపి వానపాముల మీద పరీక్షించాం. 18 నిమిషాల్లో కదలిక ఆగింది, 31 నిమిషాల్లో చనిపోయాయి. పక్కన పోల్చడానికి పెట్టిన నులిపురుగుల మందు పైపరజీన్ సిట్రేట్ ఇంతకంటే ఆలస్యమైంది. 6 ఎలుకలకు కిలో బరువుకు 2,000 మి.గ్రా. తాగిస్తే 14 రోజుల్లో ఒక్కటీ చావలేదు. ఇళ్లలో గుప్పెడు ఆకు, అంటే దాదాపు 10 గ్రాములు, ఒక గ్లాసు నీళ్లలో మరిగించి ఇస్తారు. తరతరాలుగా వాడుతున్నదే కాబట్టి 60 మంది బడిపిల్లలకు ఇచ్చి చూద్దామంటున్నారు. 'సురక్షితం, సమర్థం' అని రాయొచ్చా? ఇంకేం చేయాలి?

జవాబు: రాయకూడదు. 'సమర్థం' అనడానికి మీ దగ్గరున్నది వానపాముల లెక్క, 'సురక్షితం' అనడానికి ఉన్నది ఆరు ఎలుకల లెక్క. పిల్లలకు ఇచ్చే ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. చేసిన పని వృథా ఏమీ కాదు, వరసే తారుమారైంది. (మొక్క పేరు మీరు రాశారు, మేమే తీసేశాం. ఇంకా తేలని మందును పేరు పెట్టి అచ్చేస్తే రేపటికల్లా ఎవరో ఒకరు కాచుకు తాగుతారు.)

ముందు వానపాము సంగతి. ఈ పరీక్ష సులువు కాబట్టి కాలేజీల్లో తెగ చేస్తారు. వానపాము మట్టిలో బతుకుతుంది, తడి చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది. పేగులో ఉండే ఏలికపాము వేరే జాతి. జీర్ణరసాలను తట్టుకోడానికి దాని ఒంటిమీద గట్టి పొర ఉంటుంది. కుంకుడు రసంలా నురగ కట్టే సపోనిన్లు ఏ ఆకులో ఉన్నా వానపాము చర్మం మీది జిగురు ఊడిపోయి అది చస్తుంది. వగరు పదార్థాలు ఎక్కువున్నా, ద్రావణం బాగా పుల్లగా ఉన్నా, ఉప్పగా ఉన్నా అంతే. మీ సారాన్ని పరీక్షనాళికలో నీళ్లతో గట్టిగా ఊపి పది నిమిషాలు వదిలేయండి. నురగ అలాగే నిలిచి ఉంటే మీ 31 నిమిషాలకు కారణం అక్కడే దొరకొచ్చు. సారం లేకుండా, అదే ద్రావకంతో, అదే పీహెచ్‌తో ఒక గిన్నె, మామూలు సబ్బునీళ్లతో మరో గిన్నె పక్కన పెట్టి మళ్లీ చేయండి. సబ్బునీళ్లు కూడా మీ మందుతో పోటీపడితే ఆ పట్టికను వ్యాసంలోంచి తీసేయడమే మర్యాద.

పోలిక కూడా కుదరలేదు. పైపరజీన్ పురుగును చంపే మందు కాదు, దాని కండరాలను చచ్చుబడేలా చేస్తుంది. పట్టు వదిలేసిన పురుగును పేగు కదలికే బయటికి తోసేస్తుంది. నులిపురుగులకు ఇచ్చే మరో మందు ఆల్బెండజోల్ పురుగు కణాల్లోని ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని, అది గ్లూకోజు తీసుకోలేని స్థితికి తెస్తుంది. దీనికి రోజులు పడుతుంది. అలాంటి మందులతో నిమిషాల్లో పందెం పెడితే బ్లీచింగ్ నీళ్లదే గెలుపు. నులిపురుగుల మందుకు తొలి జల్లెడగా సీనోరాబ్డైటిస్ ఎలెగాన్స్ అనే చిన్న నెమటోడ్ వాడండి. అది కనీసం ఏలికపాము వర్గానిదే. ఆ తర్వాత పశువుల పేగుపురుగు గుడ్లు పొదగకుండా ఆగుతున్నాయో లేదో 48 గంటలకు లెక్కపెట్టే పరీక్ష, పంది పేగుల్లోని ఏలికపామును 37 డిగ్రీల దగ్గర ఉంచి చేసే పరీక్ష ఉన్నాయి. వీటితోపాటు అదే సారాన్ని కోతి కిడ్నీ నుంచి ప్రయోగశాలలో పెంచే వీరో కణాల మీదో, హెప్‌జీ2 కాలేయ కణాల మీదో వేసి చూడండి. కణాల్లో సగాన్ని చంపే గాఢతను, పురుగుల్లో సగాన్ని చంపే గాఢతతో భాగించండి. పది దాటితేనే ముందుకు వెళ్లడంలో అర్థముంది. రెండో మూడో వస్తే మీ ఆకు పురుగును ప్రత్యేకంగా చంపడం లేదు, ఏది దొరికితే దాన్ని చంపుతోంది.

ఇక మోతాదు. మీ ఉత్తరంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇళ్లలో వాడే 10 గ్రాములు పచ్చి ఆకు, మీరు తూచింది ఎండు ఆకు. పచ్చి ఆకులో ముప్పావు వంతు నీరే అనుకుంటే ఎండాక మిగిలేది 2.5 గ్రాములు. మీ లెక్క ప్రకారం నూటికి 12 చొప్పున సారం 0.3 గ్రాములు. 150 మి.లీ. గ్లాసులో అది మిల్లీలీటరుకు 2 మి.గ్రా. మీరు వానపాము మీద పోసింది దానికి 25 రెట్లు. గ్లాసులోనే ఇంత తేడా ఉంటే, పొట్టలోకి వెళ్లాక అది ఇంకా పలచబడుతుంది, కొంత రక్తంలోకి పోతుంది, పెద్దపేగు దాకా చేరేది ఎంతో తెలియదు. కొరడా పురుగు ఉండేది ఆ పెద్దపేగులోనే. మీ ఆకులో తేమ ఎంతో నా అంచనా మీద వదిలేయకండి. పచ్చిది తూచి, ఆరబెట్టి, బరువు ఇక తగ్గని దాకా మళ్లీ మళ్లీ తూచండి.

మిథనాల్‌కూ మరిగించిన నీళ్లకూ ఉన్న తేడా ఇంకో పెద్ద విషయం. ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు కథ దీనికి మంచి ఉదాహరణ. మలేరియా మందు వెతుకుతున్న చీనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం ఆర్టెమిసియా ఆన్యువా అనే మొక్క సారాలతో ఫలితం నిలకడగా రాక తంటాలు పడింది. ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి తాగమని పాత చీనా వైద్యగ్రంథంలో ఉన్న మాట చూశాక, మరిగిస్తే మందు చెడుతోందేమోనని ఆమెకు తట్టింది. 1971లో తక్కువ వేడిమీద ఈథర్‌తో తీస్తే పనిచేసింది. 2015లో నోబెల్ బహుమతి అందుకే వచ్చింది. ఒకే మొక్క, తీసిన పద్ధతి మారగానే మందు మారింది. మీ విషయంలో ఇది రెండువైపులా కోస్తుంది. మిథనాల్‌లో వచ్చిన గుణం కషాయంలో లేకపోవచ్చు, మిథనాల్‌లో రాని విషం కషాయంలో ఉండొచ్చు. జనం తాగేది కషాయం కాబట్టి పరీక్షించాల్సింది కషాయాన్నే. మరిగించి, వడగట్టి, ఫ్రీజ్‌డ్రై చేసిన (గడ్డకట్టించి నీరు తీసేసిన) పొడితో అన్నీ మళ్లీ మొదలుపెట్టండి. అదే ఆర్టెమిసియాను టీలాగా కాచుకుని మలేరియాకు తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయదు. కప్పులో మందు ఎంతుందో ఒకసారికీ ఇంకోసారికీ పొంతన ఉండదు, చాలని మోతాదు పడితే జ్వరం తిరగబెడుతుంది, మందుకు లొంగని పరాన్నజీవి తయారవుతుంది.

ఎలుకల లెక్కకు వద్దాం. అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ రాసిపెట్టిన 423వ పరీక్షా పద్ధతిలో విడతకు మూడు చొప్పున ఆరు ఎలుకలతో ముగించడం మామూలే, ఆ పద్ధతి చెప్పేది కూడా సారం ఏ విషతరగతిలోకి వస్తుందన్నంత వరకే. ఆరింటిలో ఒక్కటీ చావలేదంటే గణితం ఏమంటుందో చూడండి. నిజమైన మరణాల రేటు దాదాపు 39 శాతం ఉన్నా, ఆరూ బతికి బట్టకట్టే అవకాశం నూటికి ఐదు పాళ్లు ఉంటుంది. 14 రోజుల్లో కిడ్నీ మెల్లగా పాడవడం కనపడదు, క్యాన్సర్ కనపడదు, గర్భంలో పిండానికి ఏమవుతుందో అసలే తెలియదు. 0, 7, 14 రోజుల బరువులు రాశారా? చివర్లో కోసి కాలేయం, మూత్రపిండాలు చూశారా? ఇవి మీ ఉత్తరంలో లేవు. ఎలుక మోతాదును మనిషికి మార్చేటప్పుడు 6.2తో భాగించాలి, నేరుగా తీసుకోకూడదు. 2,000 అలా కిలోకు సుమారు 322 మి.గ్రా. అవుతుంది. గ్లాసు కషాయంలో 60 కిలోల మనిషికి కిలోకు 5 మి.గ్రా. పడుతుంది కాబట్టి దూరం బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అదే గ్లాసు 20 కిలోల పిల్లాడు తాగితే 15 మి.గ్రా. అవుతుంది. పైగా ఈ లెక్కంతా ఒక్కసారి తాగితేనే, అదీ మిథనాల్ సారానికే. మూడు పూటలో వారమో ఇచ్చే అలవాటుంటే ఓఈసీడీ 407 ప్రకారం 28 రోజుల పరీక్ష చేయక తప్పదు. మగ, ఆడ రెండూ, మూడు మోతాదులు, రక్తపరీక్షలు, అవయవాల కోతలతో సహా.

'తరతరాలుగా వాడుతున్నారు' అన్న మాటను కొట్టిపారేయనక్కర్లేదు, కానీ దాని చూపు పొట్టిది. తాగిన గంటలో వాంతి వస్తే, ఆ రాత్రి మనిషి పోతే ఊరంతా గుర్తుంచుకుంటుంది. పదేళ్ల తర్వాత కిడ్నీ పోతే ఎప్పుడో తాగిన కషాయాన్ని ఎవరూ తలుచుకోరు. ఈశ్వరి జాతి మొక్కల్లో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం సరిగ్గా అలాంటిదే. కిడ్నీని మెల్లగా గట్టిపరుస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. పురుగులకు వాడే గాడిదగడపాకు కూడా ఆ జాతిదే, దానికి కీటమారి అనే పేరే ఉంది. పురుగును చంపిందన్న ఖ్యాతి నిజమే అయినా కిడ్నీ లెక్క వేరే ఉంది. పసిపిల్లలది ఇంకో లెక్క. 1980ల మొదట్లో మలేసియాలో వేపనూనె పట్టించిన శిశువుల్లో వాంతులు, మగత, ఫిట్స్‌తో కాలేయమూ మెదడూ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. పెద్దలు వాడే వస్తువే, పసివాళ్ల కాలేయం తట్టుకోలేదు.

నిజానికి పాత రోజుల్లో నులిపురుగుల మందులు చాలావరకు మొక్కలవే, అవి ఎందుకు పోయాయో చూస్తే మీ ప్రాజెక్టు ఎటు నడవాలో తెలుస్తుంది. ఆర్టెమిసియా సినా నుంచి తీసిన శాంటోనిన్ ఏలికపాములను పడగొట్టేది, తాగినవాళ్లకు లోకమంతా పసుపుగా కనపడేది. మేల్‌ఫెర్న్ సారం బద్దెపురుగులకు పనిచేసింది, కొందరి కళ్లు పోయాయి. చీనోపోడియం నూనెలోని ఆస్కరిడోల్ పురుగులనూ తీసింది, కొందరు పిల్లల ప్రాణాలనూ తీసింది. అదే మొక్కను ఇళ్లలో కాచే మోతాదులో 1980ల్లో మెక్సికోలో పద్ధతిగా పరీక్షిస్తే పురుగుల మీద చెప్పుకోదగ్గ ప్రభావమే లేదు. ఇంటి మోతాదు చాలలేదు, చాలే మోతాదు ప్రమాదం. మీ ఆకుకు ఆ రెండు గీతల మధ్య జాగా ఎంతుందన్నదే మీరు తేల్చాల్సిన ప్రశ్న.

పనిచేసిందో లేదో కొలవడానికి మలపరీక్షే దారి. కటో-కాట్జ్ పద్ధతి చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, తప్పులు మాత్రం అందులోనే దాగి ఉంటాయి. మలాన్ని సన్నటి జాలీ గుండా నొక్కి, పైకి వచ్చినదాన్ని గరిటెతో తీసి, స్లైడు మీద పెట్టిన పలక చిల్లులో అంచుల దాకా నింపాలి. ఆ చిల్లులో పట్టేది 41.7 మి.గ్రా. పలక తీసేశాక స్లైడు మీద మిగిలిన ముద్దపై, కనీసం ఒక రోజు గ్లిసరాల్‌లో నానిన సెలోఫేన్ ముక్క వేసి బోర్లించి ఒత్తాలి. కనిపించిన గుడ్లను 24తో గుణిస్తే గ్రాముకు ఎన్నో వస్తుంది. కొంకిపురుగు గుడ్లు గ్లిసరాల్‌లో కరిగిపోయినట్టు మాయమవుతాయి కాబట్టి వాటిని 30 నుంచి 60 నిమిషాల లోపే లెక్కపెట్టాలి. మందుకు ముందు స్లైడ్లను అరగంటకు చూసి, మందు తర్వాతవి భోజనం చేసొచ్చి రెండు గంటలకు చూస్తే మీ కషాయం కొంకిపురుగులను అద్భుతంగా నయం చేసినట్టు తేలుతుంది! ఏ స్లైడు ఎప్పుడు చేశారో, ఎప్పుడు చూశారో గోడగడియారం చూసి రాయండి. ఇది ముందుదో తర్వాతిదో చూసేవాళ్లకు తెలియకుండా కోడ్ నంబరు మాత్రమే వేయండి.

స్లైడులో ఒక్క గుడ్డు కనపడితే గ్రాముకు 24. అంతకంటే పలచగా ఉన్న సోకుడు తరచూ సున్నాగా కనపడుతుంది. గుడ్ల సంఖ్య రోజుకో తీరుగా మారుతుంది కూడా. అందుకని ముందూ తర్వాతా రెండేసి రోజుల మలం, ఒక్కో మలానికి రెండేసి స్లైడ్లు. మందు తర్వాత పరీక్ష 14 నుంచి 21 రోజుల మధ్య. మూడో రోజే చూస్తే పురుగు చావకుండా గుడ్లు పెట్టడం ఆపినా మీకు గెలుపే. మరీ ఆలస్యమైతే కొత్తగా సోకినవి కలిసిపోతాయి. ఎంతమందికి నయమైందన్నదే కాకుండా గుడ్లు ఎంత శాతం తగ్గాయో కూడా ఇవ్వండి. ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్క మోతాదుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న గుడ్ల తగ్గుదల హద్దు ఏలికపాముకు 95 శాతం, కొంకిపురుగుకు 90, కొరడా పురుగుకు 50. మీ కషాయం నిలబడాల్సింది ఆ గీతల పక్కన. కొరడా పురుగు విషయంలో ఆల్బెండజోలే బలహీనం కాబట్టి, నా దృష్టిలో కొత్త మొక్క ఏదైనా నిజంగా పనికొచ్చే చోటు అదే.

పోల్చే జట్టు లేకుండా మాత్రం దిగకండి. 2007లో వచ్చిన ఒక నైజీరియా అధ్యయనంలో ఎండిన బొప్పాయి గింజలను తేనెతో ఇచ్చిన 30 మంది పిల్లల్లో 23 మందికి ఏడో రోజు మలంలో పరాన్నజీవులు కనపడలేదు. తేనె ఒక్కటే తీసుకున్న 30 మందిలోనూ ఐదుగురికి కనపడలేదు. ఆ రెండో సంఖ్య లేకపోతే మొదటిదాన్ని ఎలా చదవాలో మనకు తెలిసేది కాదు. ఆశ పుట్టించే ఫలితమే, అయినా జట్టు చిన్నది, గడువు ఏడు రోజులు. బొప్పాయి గింజల సారం మగ కోతుల్లో వీర్యకణాలను తాత్కాలికంగా ఆపేసిందని వేరే ప్రయోగాల్లో తేలింది కాబట్టి, ఎంతమేర, ఎన్నాళ్లు అన్న ప్రశ్న దానికీ ఉంది. మీ 60 మంది లెక్కకూ ఇదే వర్తిస్తుంది. 60 మందిలో ఒక్కరికీ చెడు జరగకపోయినా, అసలు రేటు నూటికి ఐదు వరకూ ఉండొచ్చు. 3ను మనుషుల సంఖ్యతో భాగిస్తే వచ్చే హద్దు అది. నూటికి ఒకటికి తగ్గించి చెప్పాలంటే 300 మంది కావాలి.

ఇప్పుడు ఏం చేయాలంటే, కొత్తగా ఎవరికీ ఇవ్వకుండా, ఎలాగూ తాగుతున్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. నైతిక కమిటీ అనుమతి తీసుకుని, పాతిక ముప్పై ఇళ్లలో మీ ముందే కాయమనండి. ఎలా చేస్తారని అడిగితే 'గుప్పెడు' అంటారు, తూస్తే 6 గ్రాములో 22 గ్రాములో వస్తుంది. ఆకు లేతదా ముదురా, నీళ్లు ఎన్ని, ఎంతసేపు మరిగాయి, ఎంత మిగిలింది, పరగడుపునా, ఎన్ని రోజులు, ఇంకేం కలిపారు, అన్నీ రాసుకోండి. ఎప్పుడు ఇవ్వకూడదంటారో కచ్చితంగా అడగండి. 'కడుపుతో ఉన్నవాళ్లకు వద్దు' అని పది ఇళ్లలో విడివిడిగా చెబితే అది మీ ఎలుకల పరీక్ష కంటే విలువైన ఆధారం. సొంతంగా తాగబోతున్న పెద్దల్లో ఒప్పుకున్నవాళ్లకు ముందూ, వారానికీ, నాలుగు వారాలకూ రక్తంలో కాలేయం సంగతి చెప్పే ఏఎల్‌టీ, బిలిరుబిన్, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ చూడండి. ఏఎల్‌టీ మామూలు హద్దుకు మూడు రెట్లు, బిలిరుబిన్ రెండు రెట్లు దాటితే అక్కడికక్కడ ఆపించి వైద్యుడి దగ్గరికి పంపాలి. గర్భిణులు, పిల్లలు, ఫిట్స్ ఉన్నవాళ్లు, జీ6పీడీ లోపం (కొన్ని మందులకు ఎర్రరక్తకణాలు పగిలిపోయే పుట్టు లోపం) ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కషాయం తాగడం మంచిది కాదని అడిగినవాళ్లకు చెప్పండి. ఫిట్స్ ఉన్నవాళ్లను ఎందుకు అంటున్నానంటే, మెదడులో బద్దెపురుగు తిత్తులు ఉంటే, రక్తంలోకి చేరే ఏ నులిపురుగుల మందైనా వాటిని చంపినప్పుడు చుట్టూ వాపు వచ్చి ఫిట్స్ ముదరొచ్చు. పురుగులున్నట్టు తేలిన ప్రతి ఒక్కరికీ అధ్యయనం చివర్లో ఆల్బెండజోల్ అందాలి, కషాయం పనిచేసిందా లేదా అన్నదానితో సంబంధం లేదు.

ఇక వీటన్నిటికంటే ముందు మొక్క ఏదో తేలాలి. ఉత్తరంలో మీరు వాడుక పేరు మాత్రమే రాశారు. ఆ పేరుతో రెండు మూడు మొక్కలు చలామణిలో ఉండే వీలుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మాత్రల్లో స్టెఫానియా అనే మొక్క బదులు, చీనా భాషలో దగ్గరి పేరున్న అరిస్టోలోకియా (పైన చెప్పిన ఈశ్వరి జాతి) పడింది. వందమంది దాకా కిడ్నీలు పాడయ్యాయి, వాళ్లలో చాలామందికి తర్వాత క్యాన్సర్ కూడా వచ్చింది. ఒక కొమ్మ, ఆకు రెండువైపులా కనపడేలా, పువ్వుతోనూ వీలైతే కాయతోనూ, న్యూస్‌పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, తేదీ, చోటు, కోసినవారి నంబరు రాసి, ఎండు మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలో ఇచ్చి నమోదు సంఖ్య తీసుకోండి. ఆ సంఖ్య లేని వ్యాసాన్ని మంచి పత్రిక తిప్పి పంపుతుంది. ఆకు కోసిన చోట నేలను బట్టి సీసం కిలోకు 10 మి.గ్రా., కాడ్మియం 0.3 మి.గ్రా. దాటకుండా ఉందో లేదో కోసిన ఆకు సంచిలోంచే కొంత తీసి ల్యాబులో పరీక్ష చేయించండి. మొక్క ఇప్పుడు పూతమీద ఉందని రాశారు కదా, మిగతావి ఆగినా ఈ ఒక్క పని పూత రాలకముందే చేసేయండి. ఆకుల్ని మాత్రమే చూసి ఏ వృక్షశాస్త్రజ్ఞుడూ సంతకం పెట్టడు.